గంగులయ్య పేరిట వచ్చిన ఉత్తరం

పుంగనూరు,
4 సెప్టెంబరు 2024

మునీశ్వరీ,

మొన్న మదనపల్లె నుంచి నీ మొగుడు సురేంద్ర వచ్చి, నువ్వు కుప్పంలో కొత్త ఉద్యోగంలో చేరావని చెప్పి పోయాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఆయన చెప్పిన దాంట్లో నాకు వినపడినవి మూడు మాటలు: కుప్పం, ప్రాజెక్టు, మేనేజరు. అవి చాలు. మా అన్న, అదే మీ నాయన, బతికి ఉంటే ఈపాటికి ఊరంతా తిరిగి చెప్పి ఉండేవాడు. ఆయన లేడు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

మన ఇంటా వంటా ప్రాజెక్టు కట్టినవాళ్ళు లేరు. మీ తాత బావి తవ్వించాడు, నీళ్ళు పడలేదు. నువ్వు ఏకంగా ప్రాజెక్టే కడుతున్నావు. బొరుగులు కొనడానికి అంగడికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. ఇద్దరు రైతులు కాలువ పుంగనూరు దాకా వస్తుందా, నీళ్ళు ఎప్పుడు వదులుతారు అని అడిగారు. వచ్చే వేసవికి అన్నాను. తప్పయితే రాయి.

ఫోన్ చేయవద్దు. నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను, తర్వాత ఇద్దరమూ బాధపడతాము. కాగితం మీద రాస్తే రెండుసార్లు చదువుకోవచ్చు. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు మనం అట్లాగే కదా గడిపింది. గోడలు కట్టేచోట సిమెంటు దుమ్ము ఉంటుంది, తలకు గుడ్డ కట్టుకో.

మీ అత్త,
శారదమ్మ


కుప్పం,
11 సెప్టెంబరు 2024

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే అందరూ నా వైపు చూశారు. ముందు ఆ ఇద్దరు రైతులకూ నీళ్ళు రావని చెప్పు. నేను కట్టేది డ్యామ్ కాదు. మా ఉద్యోగాల్లో ప్రాజెక్టు అంటే ఫలానా తేదీలోపల, కొందరు మనుషులు కలిసి పూర్తి చేయాల్సిన ఒక పని. వాళ్ళందరి చేతా ఆ పని చేయించే మనిషి మేనేజరు.

మా పని ఏనుగులతో. రామకుప్పం వైపు పల్లెలు అడవిని ఆనుకుని ఉన్నాయి. రాగి కంకి పాలు పట్టే వేళకు ఏనుగులు దిగి, ఒక్క పూటలో చేనంతా తొక్కేసి పోతాయి. అడవి అంచున స్తంభాలు పాతి, వాటికి కెమెరా పెట్టెలు బిగిస్తాము. ఏనుగు దగ్గరకు వస్తే ఊళ్ళో సైరన్ మోగుతుంది, రైతుల ఫోన్లకు మెసేజీ పోతుంది. అవి చేలో దిగకముందే జనం చేరి మళ్ళిస్తారు. కొత్తిండ్లు అనే పల్లెలో మొదలుపెడుతున్నాము. రాగి కోతల్లోపల అక్కడ ఇది పనిచేస్తుందని చూపిస్తే ఇంకో పది పల్లెలకు పెడతారు. లేకపోతే ఇంతటితో ఆపేస్తారు.

నాతో కలిపి నలుగురం. అర్చన శాంతిపురం అమ్మాయి, ఆ పెట్టెల లోపల సంగతులన్నీ ఆమెకే తెలుసు. మహేష్ జీపు నడుపుతాడు, స్తంభాలు పాతుతాడు. నాలుగో మనిషి గంగులయ్య. ఇరవై రెండేళ్ళు అడవిలో వాచరుగా తిరిగాడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఈ మేనేజరు పని తనకే ఇస్తారని అనుకున్నాడట. డిగ్రీ లేదని ఇవ్వలేదు. ఈ సంగతి మహేష్ చెబితే తెలిసింది.

రోజూ తొమ్మిదికి మీటింగు పెట్టాను. గంగులయ్య వస్తాడు, కానీ వాకిలి దాటి లోపలికి రాడు. కూర్చో అన్నా అంటే "ఈడే బాగుండాది మేడమ్" అంటాడు. ఏమి అడిగినా "మీరు ఎట్ల చెప్తే అట్ల" అంటాడు. మదనపల్లెలో టమాటా గుజ్జు కంపెనీలో నా కింద నలభై మంది ఉండేవారు. నేను చెప్పేదాన్ని, పని జరిగేది. ఇక్కడ ముగ్గురే, అయినా ఎక్కడో దారం తెగినట్టుంది. సర్దుకుంటుందిలే. రూము బాగుంది, గాలి చల్లగా ఉంది. నేను సంతోషంగానే ఉన్నాను.

నీ కోడలు,
మునీశ్వరి


పుంగనూరు,
18 సెప్టెంబరు 2024

మునీ,

నీళ్ళ సంగతి ఆ రైతులకు చెప్పలేదు. చెబితే బొరుగులు వేరే అంగట్లో కొంటారు.

ఏనుగుల గురించి మా బట్టీలో నిన్నంతా చర్చే. మా రుక్మిణమ్మ, అదే ముప్పై ఏళ్ళుగా నా దగ్గర ఇసుక కాచి బొరుగులు వేయిస్తుందే, ఆమె అడుగుతోంది: "సైరన్ అంటే పారిపోవాలని ఏన్గులకి ఎవురు నేర్పించినారు?" నాకూ తెలియలేదు. రాయి.

ఇక గంగులయ్య గారి విషయం. నువ్వు విడమరిచి రాయకపోయినా నాకు అర్థమైంది. వయసులో పెద్ద, ఇరవై రెండేళ్ళ సర్వీసు, అంటే ఆయనే మీ పెద్ద ఇంజనీరు. పెద్దవాళ్ళు వాకిట్లో నిలబడితే మనం లోపల కూర్చుని మాట్లాడకూడదు. మొదటి నెల ఏదీ మార్చవద్దు. వాళ్ళు తినే దగ్గర తిను.

ఇంకొక్క మాట. రాయకూడదనుకున్నాను. శనివారం సాయంత్రం కుప్పం నుంచి మదనపల్లె పోయే బస్సు మా వీధి మొదట్లో ఆగుతుంది. మూడు వారాలుగా నువ్వు అందులో కిటికీ పక్కన కూర్చుని పోతున్నావని పక్కంగడి రామమూర్తి చెప్పాడు. దిగాలని నీకు అనిపించకపోతే సరే. మొగుడి దగ్గరికి పోయే తొందర నాకు తెలియనిది కాదు.

శారదమ్మ


పుంగనూరు,
12 అక్టోబరు 2024

మునీశ్వరికి,

నెల కావస్తోంది. బస్సు మాట రాసినందుకు కోపమైతే కోపమని రాయి. కాగితం ఖాళీగా పంపినా సరే.

అత్త


కుప్పం,
21 అక్టోబరు 2024

అత్తా,

కోపం లేదు. ఆ బస్సులో నేను లేను. రామమూర్తి ఎవరిని చూశాడో గానీ, నేను చేరినప్పటి నుంచి మదనపల్లె పోనేలేదు. సురేంద్రే రెండుసార్లు ఇక్కడికి వచ్చాడు. నీకు జవాబు రాయాలని కాగితం తీసిన ప్రతిసారీ ఏదో ఒక పని తగిలింది. పనులు అంత బాగా సాగాయి. అనుకున్న తేదీకి వారం ముందే ఆరు స్తంభాలు నిలబెట్టాము. నేను కాస్త గర్వపడ్డాను కూడా.

పద్దెనిమిదో తేదీ తెల్లవారుజామున ఎనిమిది ఏనుగులు కొత్తిండ్లలో దిగాయి. సైరన్ మోగలేదు. మేము స్తంభాలు పాతింది వంక వెంబడి. మా దగ్గరున్న మ్యాపులో ఏనుగుల దారి అదే. అవి వచ్చింది గుట్ట వైపు నుంచి. రంగనాయకమ్మ అనే ఆమె రెండెకరాల రాగిలో ఒక మూల తప్ప ఏమీ మిగల్లేదు.

మేము పోయేసరికి ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ప్రతి ఏడూ మంచె మింద కాపలా పండుకుంటాంటిమి. ఈ తూరి సైరన్ మోగుతాదంటిరి కదమ్మా, అందుకే ఇంట్లో నిద్రపోతిమి" అంది. అంతే. అత్తా, ఆ మాట మూడు రోజులుగా నా వెంట తిరుగుతోంది. మేము రాకపోయి ఉంటే ఆమె రాగి ఆమెకు ఉండేది.

గంగులయ్య చేలో గొంతుక్కూర్చుని ఒక అడుగుజాడను జానలతో కొలిచాడు. లేచి గుట్ట వైపు చూశాడు. ఆయనకు ఇది ముందే తెలుసేమో అనిపించింది. అడగడానికి నాకు నోరు రాలేదు.

బెంగళూరు నుంచి మా పైఅధికారి ఫోన్ చేశాడు. ఊరివాళ్ళే సైరన్ ఆపేశారని రిపోర్టులో రాస్తే సరిపోతుందట. ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ రోజే రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. గుజ్జు కంపెనీ వాళ్ళు మళ్ళీ రమ్మంటే పోతాను. సురేంద్రకు మాత్రం చెప్పొద్దు.

మునీశ్వరి


పుంగనూరు,
25 అక్టోబరు 2024

మునీ,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. సురేంద్రకు చెప్పొద్దని రాశావు. చెప్పను. ఇంకెవరికీ చెప్పొద్దని రాయలేదు.

మీ మామ పోయాక బట్టీ నా చేతికి వచ్చిన మొదటి నెల బియ్యానికి ఉప్పునీళ్ళు నేనే కలిపేదాన్ని. ఆయన కలుపుతుంటే ఇరవై ఏళ్ళు చూశాను, నాకు రాదా అనుకున్నాను. బొరుగు ఉబ్బేది కాదు, పంటికింద రాయిలాగా ఉండేది. రుక్మిణమ్మకు ఎందుకో తెలుసు, చెప్పదు. నేను అడగను. నెల అట్లాగే గడిచింది. ఒకరోజు ఆమే వచ్చి నా చేతిలోని చెంబు లాక్కుని, "నువ్వు పో అమ్మా, గల్లాపెట్టె దగ్గర కూసో" అంది. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. ఇప్పటికీ ఉప్పునీళ్ళు ఆమే కలుపుతుంది. ఆమె ఆ రోజు చెంబు లాక్కోకపోతే బట్టీ ఉండేది కాదు.

అందరికీ రుక్మిణమ్మ దొరకదు. అందుకని నాకు తోచింది నేను చేశాను. నువ్వు తిట్టినా పరవాలేదు.

అత్త


కుప్పం,
4 నవంబరు 2024

అత్తా,

నువ్వేం చేశావో తెలిసిన రోజు నీకు రాసి ఉంటే మనిద్దరి మధ్య మాటలు ఉండేవి కావు. అందుకే నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను.

బుధవారం ఉదయం గంగులయ్య ఒక కవరు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. వాకిలి దాటి రావడం అదే మొదలు. "అద్దాలు ఇంట్లో మర్సిపోయినా మేడమ్. ఇది యాడినుంచో నా పేరు మింద వచ్చిండాది. రోంత సదివి పెట్టు" అన్నాడు. విప్పి గబగబా మొదలుపెట్టేశాను. "పెద్ద ఇంజనీరు గంగులయ్య గారికి, పుంగనూరు బొరుగుల అంగడి శారదమ్మ నమస్కారం" అని చదివాక గానీ అది నీ చేతిరాత అని నాకు తట్టలేదు. అక్కడే ఆగిపోయాను.

"యాల నిలిపినావు? సదువు" అన్నాడు. ఒక మూల అర్చన, ఇంకో మూల మహేష్. కొన్ని వాక్యాలు దాటేద్దామా అనుకున్నాను. ఆయన చదవలేక నన్ను నమ్మి ఇచ్చిన కాగితం అది. దాటలేదు. నువ్వు రాసింది రాసినట్టు చదివాను:

"మీ దగ్గర పనిచేసే మునీశ్వరి నా మేనకోడలు. తల్లి పోయేనాటికి దానికి పదేళ్ళు. బడిలో లెక్క అర్థం కాకపోయినా అయినట్టే కూర్చునేది. తెలియదంటే ఎవరైనా తక్కువగా చూస్తారని భయం. ఇప్పుడూ అడగదు. అది అడగలేదని మీరు చెప్పకుండా ఉండకండి. రైతుల రాగి పోతుంది, మా పిల్ల మనసూ పోతుంది. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. మీకు తెలిసింది చెప్పి చూడండి. అప్పటికీ దానికి చేతకాకపోతే మీరే పంపేయండి."

చదవడం అయ్యాక తలెత్తలేకపోయాను. గంగులయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నన్ను ఇంజనీరని ఇంతవరకు ఎవురూ అన్లేదు" అన్నాడు. తర్వాత, "ఆ కుర్సీ నాదనుకుంటి. రాలేదని నీ మింద కోపం పెట్టుకుంటి. ఇచ్చిందీ ఇయ్యనిదీ నువ్వు కాదు గదా" అన్నాడు.

"గుట్ట వైపు నుంచి వస్తాయని నీకు తెలుసా అన్నా?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది.

"తెల్సు. గుట్టకి అవతల రాళ్ళ క్వారీ పని నిల్సిపోయి ఏడాది దాటె. అది పేల్చినన్నాళ్ళూ ఆ దిక్కుకి ఏన్గులు వచ్చేవి కావు, వంకలో పోయేవి. ఇప్పుడు సద్దు లేదు, పాత దారి పట్టినాయి. మీ మ్యాపు మూడేండ్ల కిందటిది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆయమ్మ రాగి పాయె. ఆ పాపంలో నాకూ భాగం ఉండాది" అని, "రేపు పొద్దున ఆరుకి నడిసేకి వస్తావా? చెప్పులు కాదు, బూట్లు ఏసుకో" అన్నాడు.

మూడు రోజులు నడిచాము. ఏనుగు ఒళ్ళు రుద్దుకున్న చెట్టు బెరడు నాకు మామూలు బెరడులాగే కనపడేది. మూడో రోజుకు నేనే ముందు గుర్తుపట్టి చూపించాను. అర్చన మా వెనకే వచ్చి ఒక్కో చోటూ ఫోన్లో గుర్తు పెట్టుకుంది. స్తంభాలు రావాల్సిన చోట్లలో ఒకటి రంగనాయకమ్మ గట్టే. ఆమెను ఎట్లా అడగాలో తెలియక ఇద్దరం నిలబడితే ఆమే అంది: "పాతుకోండి. నా రాగి ఎట్లాగూ పాయె. పక్కోళ్ళదైనా దక్కనీ."

బెంగళూరుకు రిపోర్టు పంపాను. తప్పు ఊరిది కాదు, మాది. పాత మ్యాపు నమ్మి తప్పు దారిలో స్తంభాలు పెట్టాము అని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. నిన్న మూడు వారాలు గడువిచ్చారు.

మీటింగు ఇప్పుడు వాకిట్లోనే పెడుతున్నాము. గాలి బాగుంటుంది.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. అడగకుండా ఇంకెప్పుడూ నా సంగతులు ఎవరికీ రాయకు.

మునీశ్వరి


పుంగనూరు,
9 నవంబరు 2024

మునీ,

రాయను. ఆయన ఇంజనీరు కాదని నాకు ముందే చెప్పి ఉంటే మర్యాద కొంచెం తగ్గించి రాసేదాన్ని, అప్పుడు పని జరిగేది కాదేమో. ఆయనకు పంటి నొప్పి లేకపోతే రెండు శేర్ల మసాలా బొరుగులు పంపుతాను. కారం తింటాడా, తినడా, అడిగి రాయి.

నువ్వు పదేళ్ళప్పుడు ఎట్లా ఉండేదానివో నలుగురి ముందు చదివించాను. అది తప్పే. ఆ కాగితం నీ చేతిలోనే పడుతుందని నేను అనుకోలేదు. ఈ రెండు రోజులు బట్టీలో కూడా సరిగా మాట్లాడలేదని రుక్మిణమ్మ అంటోంది.

అత్త


కుప్పం,
28 నవంబరు 2024

అత్తా,

గంగులయ్య కారం తింటాడు. అర్చన తినదు కానీ తిన్నది. మహేష్ జీపులో పెట్టుకుని దారి పొడవునా ఒక్కడే తిన్నాడు. రెండు శేర్లూ రెండు రోజులు రాలేదు.

ఆదివారం మేమందరం కొత్తిండ్లలోనే ఉన్నాము. రాత్రిళ్ళు అక్కడే పడుకుని, వంతులవారీగా మేలుకుంటున్నాము, సైరన్ ఉందని ఎవరూ నిశ్చింతగా ఉండకూడదని. తూర్పు తెల్లబడుతుండగా గుట్ట వైపు స్తంభం మీది పెట్టె పలికింది. సైరన్ మోగింది. రైతుల ఫోన్లకు మెసేజీ పోయిందో లేదో అర్చన చూసుకుంది.

జనం చేల వైపు పరుగు తీశారు. తప్పెట్లు, మంటలు. కొందరు ఏనుగులకు ఎదురు పోబోతే గంగులయ్య చేతులు అడ్డం పెట్టి ఆపాడు. "ఎదురు నిలబడొద్దప్పా. దారి ఇయ్యాల. ఆ పడమర పక్క ఖాళీగా ఇడిసిపెట్టండి" అన్నాడు. మీ రుక్మిణమ్మ అడిగిన దానికి జవాబు ఇదే: సైరన్ ఏనుగులకు కాదు, మనుషులకు. ఏమి చేయాలో ఆలోచించుకునేందుకు ఇరవై నిమిషాలు ఇస్తుంది.

ఎనిమిదీ చెట్ల అంచున నిలబడ్డాయి. ఒక తల్లి కాళ్ళ మధ్య గున్న ఉంది. రాగి వాసన వాటికి అందుతూనే ఉంది, తొండాలెత్తి గాలి పీలుస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది రెండడుగులు ముందుకు వేసింది. మా పక్కనున్న ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. గంగులయ్య గొంతు పెంచకుండా, ఇంట్లో వాళ్ళతో మాట్లాడినట్టు, "పోండి తల్లీ. ఈడ లేదు మీకు. పోండి" అంటున్నాడు. పెద్దది పడమరకు తిరిగింది. తక్కినవి దాని వెనకే పోయాయి. గున్న ఒక్కటే రెండుసార్లు ఆగి చూసింది.

ఈసారి కొత్తిండ్లలో ఒక్క కంకి పోలేదు. నిన్నటికి కోతలు అయ్యాయి. రంగనాయకమ్మకు మిగిలిన ఆ మూల చేను మేము నలుగురమే కోశాము. పక్కవాళ్ళు తలా ఒక మోపు ఆమె కళ్ళంలో వేసిపోయారు. ఎవరూ చెప్పకుండానే వేశారు. ఆమె మాకు సంగటి, చెనిక్కాయలు రోట్లో నూరిన ఊరిబిండి పెట్టింది. కొడవలి పట్టడంలో నేను అర్చన కంటే కొంచెం నయం, మహేష్ కంటే చాలా అన్యాయం.

బెంగళూరు వాళ్ళు వచ్చి చూసి పోయారు. మిగతా పది పల్లెలకూ ఒప్పుకున్నారు. కొత్త మ్యాపు కింద గంగులయ్య పేరు వేయించాను. ఏ స్తంభం ఎక్కడ ఉండాలో ఇక ఆయన మాటే చివరి మాట. తేదీలు, మనుషులు, బెంగళూరుతో పోట్లాటలు నావి. మహేష్ దగ్గర తగువు పడి జీపు నడపడం కూడా నేర్చుకుంటున్నాను.

అత్తా, నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మునీశ్వరి


పుంగనూరు,
3 డిసెంబరు 2024

నా మునీ,

నీ ఉత్తరం పొద్దున పది గంటలకు వచ్చింది. బట్టీ మంచి వేడి మీద ఉంది. చేతులు తుడుచుకుని నిలబడే చదవడం మొదలుపెట్టాను, నాలో నేనే. నా మొహం చూసి రుక్మిణమ్మ, "ఒగదానివే సదువుకుంటే ఎట్లమ్మా, మాకూ చెప్పు" అంది. సరే అని మొదటి నుంచి గట్టిగా చదివాను. నా గొంతు నాకే సరిగా వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో ఏమో, పక్కంగడి రామమూర్తి కూడా వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. బొరుగులు కొనడానికి వచ్చిన ఇద్దరు సంచులు కింద పెట్టేశారు.

పెద్ద ఏనుగు రెండడుగులు ముందుకు వేసిన చోట నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను. ఎవరూ కదల్లేదు. రుక్మిణమ్మ చేతిలో జల్లెడ అట్లాగే గాల్లో ఉంది. అది పడమరకు తిరిగిందని చదవగానే రామమూర్తి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకు రామకుప్పంలో చుట్టాలున్నారట, నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

గున్న ఆగి చూసిన మాట దగ్గరకు వచ్చేసరికి ఏదో వాసన. చూస్తే పెనంలో బియ్యం నల్లగా మాడిపోయి ఉంది. ముప్పై ఏళ్ళలో రుక్మిణమ్మ చేతిలో ఒక పెనం మాడటం ఇదే మొదలు. ఆమె పెనం వైపు చూసింది, నా వైపు చూసింది.

"మాడితే మాడనీలేమ్మా," అంది, "ఆ పిల్లేన్గు తర్వాత ఏం చేసిందో సదువు."

నీ అత్త,
శారదమ్మ